బంపర్లు విప్పిన రోజు

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్లున్న వీధికి ఉలి మోతలతోనే తెల్లవారుతుంది. మౌనేశ్వరాచారి వాకిట్లో మాత్రం ఆ పొద్దున బకెట్లో నీళ్లు, చేతిలో పాతగుడ్డ, ఎదురుగా కారు. విగ్రహాలు చేరవేయడానికని మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండులో కొన్న చిన్న ఎస్‌యూవీ అది. పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు దాన్ని రుద్ది రుద్ది కడుగుతుంటే, గడపలో నిలబడ్డ భార్య భ్రమరాంబికకు ఒళ్లు మండింది.

"అయితే పోతాండావన్న మాట," అంది.

"చెప్పినా గదా. నంద్యాలలో రియాజ్ కాడికి పోయి ముందరా ఎనకా బంపర్లు ఇప్పించాల. లోపల ఇనుప గార్డులు బిగించుకోని రావాల. రేపట్నుంచి ట్యాక్సీ తిప్పుతా."

"మరి షెడ్డు?"

"పక్కోళ్లు అడుగుతాండారు. ఇచ్చేస్తా."

అన్నం వద్దన్నంత తేలిగ్గా అనేశాడు మహానుభావుడు. ఒకప్పుడు అమ్మవారి ముఖం చెక్కాలంటే ఆ వీధిలో మౌనేశు చెయ్యే పడాలనేవాళ్లు. రెండేళ్ల కిందట ఉయ్యాలవాడ వాళ్ల కోసం మూడడుగుల అమ్మవారిని పూర్తిచేసి, వాకిట్లో నిలబెట్టి, పనిమీద యాగంటి వెళ్లాడు. మర్నాడు తిరిగొచ్చేసరికి అభయహస్తానికి చిటికెన వేలు లేదు. రాతిముక్కలన్నీ జల్లెడ పట్టినా అది దొరకలేదు. ఊడ్పులో పోయిందనుకున్నారు.

ఉలి దెబ్బ తప్పుగా పడితే రాయి లోపల నెర్రె పాకి, ఎప్పుడో తర్వాత విరుగుతుంది. మౌనేశు తండ్రి సుబ్బయ్యాచారి ఆ మాటే అన్నాడు, అదీ వీధంతా గుమిగూడి ఉన్నప్పుడు. "పరధ్యానంగా కొట్టింటావు. చేతికి నిలకడ లేనోనికి అమ్మవారు యాడ నిలుస్తాది?" అన్నాడు. పని నేర్పిన తండ్రి మాట, కాదనేదెవరు? భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు గనక కుందూనదిలో దించి వచ్చారు. ఆ తర్వాత మౌనేశు రోళ్లు చెక్కాడు, సమాధుల మీద పేర్లు చెక్కాడు గానీ దేవుణ్ణి మాత్రం ముట్టలేదు. పొద్దున లేవగానే తన చేతుల్ని ముందుకు చాపి, వణుకుతున్నాయేమోనని చూసుకునే మొగుణ్ణి చూస్తే భ్రమరాంబికకు ఏడుపు ఆగేది కాదు.

కండ్లాసుపత్రిలో చూపించుకోవాలని సుబ్బయ్యాచారి కూడా కారెక్కాడు. దారిలో మొగుడి మనసు మార్చవచ్చేమోనని భ్రమరాంబికా ఎక్కింది. కారు ఊరు దాటగానే ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"షెడ్డు ఇయ్యొద్దురా."

"ఏం చేసుకునేకి నాయనా? నా చేతికి నిలకడ లేదని చెప్పింది నువ్వే గదా."

ముసలాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మెకానిక్ రియాజ్ షెడ్డు ఊరి మొదట్లోనే ఉంది. అతను బానెట్ ఎత్తి పైనున్న క్లిప్పులు తీశాడు. ముందు చక్రాల పక్క నుంచి చెయ్యి దూర్చి స్క్రూలు విప్పాడు. లైట్ల వైరు ఊడదీసి, రెండు మూలలూ పట్టి మెల్లగా లాగాడు. పటపటమని క్లిప్పులు వదిలేసి ముందు బంపరు చేతిలోకి వచ్చింది. దాన్ని గోనెసంచి మీద బోర్లించాడు.

"ఇది ప్లాస్టిక్ అన్నా. యాడన్నా మెల్లగా తగిలినా లోపలికి పోయి మళ్లా బయటికొస్తాది. పైకి ఏం కనపడదు," అంటూ వెనక్కి వెళ్లాడు.

వెనక తలుపెత్తి, లైట్లు తీసి, కింది బోల్టులు విప్పాడు. బంపరు లాగుతుండగా లోపలి సందులో ఇరుక్కున్నదేదో జారి నేలమీద ఠక్కున పడింది.

"ఇదేందన్నా, రాయి?" అని రియాజ్ తీసి మౌనేశు చేతిలో పెట్టాడు.

అది చిటికెన వేలు. నల్లరాతి వేలు. గోరు, గోటి కింద సన్నని గీత, అన్నీ ఉన్నాయి. మౌనేశు దాన్ని వెలుతురుకు తిప్పి, విరిగిన చోట బొటనవేలితో తడిమి చూశాడు.

"నెర్రె లేదు," అన్నాడు మెల్లగా. "నా ఉలి దెబ్బ గాదు ఇది. గుద్దితే ఇరిగింది." తర్వాత తలెత్తి తండ్రి వైపు చూశాడు. "ఆపొద్దు నేను బస్సులో పోతి. బండి తాళం నీ కాడ ఉండె."

సుబ్బయ్యాచారి అక్కడే ఉన్న పాత టైరు మీద కూలబడ్డాడు.

"బండి ఎండలో ఉందని నీడకు పెడదామని ఎనక్కి తీసినా. ఏదో తగిలినట్లాయె. దిగి చూస్తే బండికి గీత గూడా లేదు. బండినే చూసినా రా, అమ్మవారిని చూడలే."

"మరి అందరి ముందర నన్ను అంత మాట అంటివే?"

"అప్పుడు తట్టలేదు. మాపటికి తట్టింది. అప్పటికే నా మాట అన్ని షెడ్లకూ పాకిపాయె. నీకు పని నేర్పినోణ్ణి, తప్పు నాదని చెప్పేకి నోరు రాలేదు. ఇంకో బొమ్మ చెక్కితే మర్చిపోతావులే అనుకున్యా."

ఏనాడూ మామ ముందు గొంతెత్తని భ్రమరాంబిక ఆ రోజు ఊరుకోలేకపోయింది.

"ఎట్ల మర్చిపోతాడు మామా? పొద్దన లేస్తే చేతులు చూసుకుంటాడు. సంగటి ముద్ద చేసుకునేటప్పుడు గూడా చూసుకుంటాడు. అదంతా చూస్తా ఎట్ల తిన్యావు నువ్వు, ఆయప్ప పక్కన కూర్చోని?"

ముసలాయన పైపంచె ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతుంటే గానీ ఏడుస్తున్నాడని తెలియలేదు. రియాజ్ పానా పక్కన పెట్టి, టీ చెప్పొస్తానని బయటికి నడిచాడు.

మౌనేశు ఆ రాతివేలిని రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. రియాజ్ రాగానే, "గార్డులొద్దులే తమ్ముడూ. బంపర్లు ఎట్లుండెనో అట్లే బిగించు," అన్నాడు. అంతే. కండ్లాసుపత్రి సంగతి ఎవరికీ గుర్తురాలేదు.

ఆళ్లగడ్డలో తమ వీధి మొదట్లోకి రాగానే సుబ్బయ్యాచారి, "ఆపు," అన్నాడు. దిగి నేరుగా మొదటి షెడ్డులోకి వెళ్లాడు. అక్కడ పనివాళ్లతో ఉన్న జనార్దనాచారి ఉలి ఆపి లేచి నిలబడ్డాడు.

"అమ్మవారి వేలు ఇరిచింది నేను," ముసలాయన గొంతు కారుదాకా వినబడింది. "బండితో గుద్దినా. మావానిది తప్పు లేదు. ఆపొద్దు మీ అందరి ముందర అన్నది అబద్ధం. దొంగ మాదిరి నోరు మూసుకోనుంటి."

వాళ్లు ఏమంటారోనని కూడా ఆగలేదు. రెండో షెడ్డుకు నడిచాడు. అదే మాట. మూడో షెడ్డు గుమ్మంలో తడబడి స్తంభం పట్టుకున్నాడు, అయినా చెప్పాడు. తను చేయి పట్టి పని నేర్పిన కుర్రాళ్ల ముందు, వాళ్ల పిల్లల ముందు, తలదించుకుని చెప్పాడు. పొద్దున్నుంచీ ఆయన మీద రగిలిపోతున్న భ్రమరాంబికకు ఆ వంగిన వీపు చూస్తుంటే కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఎంత పెద్దరికం, ఎంత బింకం ఉండే మనిషి.

"పోయి పిల్చుకోని రాయ్యా," అంది మొగుడితో.

ఆ మాట పూర్తికాకముందే మౌనేశు దిగాడు. నాలుగో షెడ్డు ముందు తండ్రి భుజం పట్టుకున్నాడు.

"చాల్లే నాయనా."

"ఇంగా ఆ పక్క వరుసంతా ఉంది. పొద్దు గుంకేలోపు అయిపోవాల."

"వద్దు. ఇంటికి పోదాం పా. రేపు పొద్దన అమ్మవారికి రాయి చూసేకి పోవాల. తట్టి, మోత విని చెప్పేది నీ మాదిరి నాకు రాదు. నువ్వుండాల."

ముసలాయన కొడుకు ముఖంలోకి చూశాడు. తర్వాత ఆ రెండు చేతులూ అందుకుని, వీధి నడుమనే కళ్లకు అద్దుకున్నాడు.

"వస్తా నాయనా," అన్నాడు. "బండి మాత్రం నన్ను ముట్టుకోనియ్యొద్దు."

మౌనేశు నవ్వాడు. రెండేళ్ల తర్వాత ఆ నవ్వు విన్న భ్రమరాంబిక కారులో కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది.