బోకా సెర్రాదా ఎర్రదీపం

పొద్దు గుంకాక, ఏరు సముద్రంలో కలిసే బోకా సెర్రాదా మొగలోంచి పడవ లోపలికి తేవాలంటే ఇప్పటికీ జంకుతారు జనం.

రెండు పక్కలా నీళ్లలో మునిగిన రాళ్లు. ఒకప్పుడు దారి గుర్తుగా ఎడమన పచ్చదీపం బోయా, కుడిన ఎర్రదీపం బోయా, గొలుసులతో అడుగుకి కట్టిన పీపాల్లా తేలుతుండేవి. సముద్రం నుంచి ఇంటికొచ్చేవాడు ఎర్రదాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని రెంటి మధ్యగా వస్తే చాలు, రాయి తగలదు.

ఒక తుఫానులో ఎర్ర బోయా గొలుసు తెగి కొట్టుకుపోయింది. రేవు ఆఫీసువాళ్లు ఇదిగో అదిగో అన్నారు, కొత్తది పెట్టలేదు. ఆ ఏడే జాలరి అన్సెల్మో పడవ సరిగ్గా అక్కడ రాళ్లెక్కింది. పడవ ముక్కలు దొరికాయి... మనిషి దొరకలేదు.

ఆ తర్వాతే మొదలైంది.

బోయా లేని చోట... చీకటి పడగానే ఎర్రదీపం.

అన్సెల్మోయే అని గుసగుసలాడుకున్నారు. మోటారు చప్పుడు దగ్గరయితే ఆరిపోతుందట, పడవ దాటిపోయాక మళ్లీ వెలుగుతుందట. చూసినవాళ్లు శిలువ గుర్తు వేసుకుని, దాన్ని కుడివైపు వదిలేసి, వెనక్కి తిరక్కుండా వచ్చేసేవాళ్లు. పాద్రీ వచ్చి పవిత్రజలం చల్లి వెళ్లాడు. దీపం మాత్రం పోలేదు.

భయపడనిది ఒక్క నెరెయిదాయే. అన్సెల్మో భార్య. అతను పోయాక గాలాలు పట్టుకుని తనే రొబాలో చేపల వేటకి దిగింది. మొగ బయట, ఇసుకదిబ్బ అంచున, పోటు తిరిగే సాయంత్రం వేళే పడుతుంది రొబాలో. తిరిగొచ్చేసరికి చీకటే.

అతను వేటకి వెళ్లిన ఆఖరిరోజు రేవులో నలుగురి ముందూ మొగుడితో ఆమె అన్న మాట ఒకటుంది. "బుట్ట నిండేదాకా గడప తొక్కకు." ఉత్త చేతులతో వచ్చి వచ్చి విసిగించాడు, అనేసింది. పక్కనే అత్త కసీల్డా ఉంది. ఆరోజు నుంచి ముసలామె కోడలితో మాట్లాడలేదు. పక్కిల్లే అయినా, వేయించిన అరటికాయ ముక్కలు పంపిస్తే పళ్లెం ముట్టకుండా తిప్పి పంపేది.

అందుకే ఆ దీపం కనబడితే నెరెయిదాకి ప్రాణం తెరిపిన పడేది. చచ్చి కూడా నాకు దారి చూపిస్తున్నాడు... నా మాట మనసులో పెట్టుకోలేదు... అనుకునేది. దాటేటప్పుడు చిన్నగా "వచ్చేశాను" అనేది.

ఒకనాడు మొగ దగ్గరికి వచ్చేసరికి మోటారు ఆగిపోయింది. తాడు ఎంత లాగినా పలకలేదు. పోటు పడవని మెల్లిగా, చప్పుడు లేకుండా... దీపం వైపే తోసుకుపోయింది.

ఈసారి అది ఆరలేదు.

దగ్గరయింది. ఇంకా దగ్గరయింది. రాయి లంగరేసిన చిన్న దోనె. నిలువుగా కట్టిన తెడ్డు. దాని కొసన లాంతరు, చుట్టూ ఎర్రగుడ్డ. కింద శాలువా కప్పుకుని ఎవరో...

"అన్సెల్మో..."

తల లేచింది. కసీల్డా.

"అత్తా... ఇన్నాళ్లూ నాకు దారి చూపింది నువ్వా?"

"నీకు కాదు." ఎన్నాళ్లకో విన్న గొంతు, బొంగురుపోయి ఉంది. "నా కొడుక్కి. బుట్ట నిండితే వస్తాడుగా."

నెరెయిదా దోనె అంచు పట్టుకుంది. "చలిగా ఉంది. ఇంటికి పోదాం రా అత్తా."

ముసలామె ఆ వేళ్లని ఒక్కొక్కటే విడదీసింది. లాంతరు దించింది, అద్దం ఎత్తింది, ఊదేసింది.

"ఆ రాత్రి వాడికి కనబడింది ఇంతే," అంది చీకట్లోంచి. "ఇలాగే పో."

ఎడమన పచ్చదీపం ఒక్కటే. కుడిపక్క రాళ్ల మీద అల విరిగే చప్పుడు వింటూ, తెడ్డేసుకుంటూ, ఎలా చేరిందో చేరింది నెరెయిదా. ఒడ్డున కూర్చుని దోనె వచ్చేదాకా చూసింది. ముసలామె తన పక్కనుంచే నడిచి వెళ్లిపోయింది.

మర్నాడు దీపం లేదు. ఆపై ఎవరికీ కనబడలేదు. పాద్రీ మంత్రం పనిచేసిందన్నారు. అన్సెల్మో ఆత్మకి శాంతి కలిగిందని చర్చిలో పూజ చేయించారు. ఆడవాళ్లు నెరెయిదా చేతులు పట్టుకుని సంతోషం చెప్పారు. ఆమె తలూపింది.

నెల తిరక్కుండా అదే ఊరి ఎవారిస్తో పడవ అక్కడే రాళ్లెక్కింది. కాలు నుజ్జయిన అతన్ని చెక్కపలక మీద మోసుకొస్తుంటే వీధిలో మూలుగుతూ అన్నాడు... "ఆ దెయ్యం ఉండుంటే ఇలా అయ్యేదా?"

ఆ మాట విని, దీపం మళ్లీ పెట్టమని అడుగుదామని నెరెయిదా పక్కింటి దాకా వెళ్లింది. తలుపు తట్టడానికి చెయ్యెత్తింది. లోపల ముసలామె దగ్గు వినబడుతోంది.

కాసేపు అలాగే నిలబడి... చెయ్యి దించేసుకుంది.