పేరుకు ముందు మొస్యూ

“లండన్ నుంచి వైర్‌లెస్ ఆపరేటర్ దిగాడు. పేరు బెర్తాన్. సోలాంజ్ పంపుతోంది. మధ్యాహ్నం మీటింగ్‌కి తీసుకురా,” అన్నాడు చీఫ్.

“సోలాంజ్‌ని నమ్మొచ్చా?” అడిగాడు గాస్పార్.

“మనకి వేరే దిక్కుందా?”

1943. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరం జర్మన్ల గుప్పిట్లో ఉంది. సోలాంజ్ క్యాబరేలో పాడుతుంది. జర్మన్ ఆఫీసర్ల పక్కన కూర్చుని షాంపేన్ తాగుతుంది. వాళ్ల రహస్యాలు, వాళ్లతో చాటుగా పోరాడే గాస్పార్ దళానికి చేరవేస్తుంది. దళం రహస్యాలు వాళ్లకి చేరవేయడం లేదని ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. పాత ఆపరేటర్‌ని జర్మన్లు మొన్ననే కాల్చి చంపారు.

ఎలక్ట్రీషియన్ వేషంలో ట్రామ్ స్టాప్ దగ్గర నిలబడ్డాడు గాస్పార్. పట్టుబడితే మింగడానికి సైనైడ్ గుళిక కాలర్‌లో ఉంది.

“క్రువా రూస్ ట్రామ్ వెళ్లిపోయిందా?” టోపీ పెట్టుకున్న ఒకతను అడిగాడు.

“వెళ్లింది. ఇంకోటి రాదు.”

కోడ్ సరిపోయింది. బెర్తాన్ ఫ్రెంచిలో వంక పెట్టడానికేమీ లేదు. దారిపొడుగునా రేషన్ రొట్టెను తిట్టుకుంటూనే నడిచాడు. గాస్పార్ కాస్త తేలికపడ్డాడు. మలుపు తిరిగేటప్పుడు చూస్తే, నల్ల కారొకటి వెనకే మెల్లగా వస్తోంది.

మీటింగ్ ఉన్న భవనం మెట్ల దగ్గర కాపలామనిషి మదామ్ గ్రివే చీపురుతో అడ్డం నిలబడింది.

“ఎవరయ్యా మీరు?”

కొత్తవాడు టోపీ తీశాడు. “నేను మొస్యూ బెర్తాన్‌ని, మదామ్.”

ఆ మాట గాస్పార్ చెవిలో గుచ్చుకుంది. మొస్యూ అనేది ఎదుటివాడికి ఇచ్చే మర్యాద. తన పేరుకి తానే ‘గారు’ తగిలించుకునే ఫ్రెంచివాడు ఉండడు.

“అబ్బో, నీకు నువ్వే మొస్యూవా? చచ్చేదాకా మా ఆయన్ని ఒక్కడూ అలా పిలిచిన పాపాన పోలేదు,” అంది మదామ్ గ్రివే.

కొత్తవాడు నవ్వేశాడు. మెట్లెక్కుతూ గాస్పార్ ఆలోచించాడు. కంగారులో నోరు జారాడేమో. మనవాణ్ణే చంపబోతున్నానేమో. మనవాడు కాకపోతే, లోపల ఉన్నవాళ్లందరూ పోతారు.

మూడో అంతస్తు. తలుపు తట్టడానికి చెయ్యెత్తాడు. అంతలో బెర్తాన్ కిటికీలోంచి కిందికి చూసి, టోపీ సర్దుకున్నట్టు రెండుసార్లు పైకెత్తాడు. కింద నల్ల కారు ఇంజన్ ఆగింది.

గాస్పార్ చెయ్యి దించాడు. “పొరపాటు. ఇంకా పై అంతస్తు.”

పైన ఉన్నది పళ్ల డాక్టర్ వియాల్, దళం మనిషే. “మా స్నేహితుడికి జ్ఞానదంతం నొప్పిగా ఉంది, డాక్టర్,” అని దళం సంకేతం చెప్పాడు గాస్పార్. బెర్తాన్ పిస్టల్ తీసేలోపు డాక్టర్ చేతిలోని ఈథర్ మత్తు గుడ్డ అతని ముక్కు మీద పడింది. గాస్పార్ కిందికి పరిగెత్తి తలుపు తట్టాడు. కారులోవాళ్లు బెర్తాన్ వేసే ఈల కోసం ఎదురుచూస్తుండగానే, మీటింగ్ మొత్తం వెనక సందులోంచి జారుకుంది.

మర్నాడు చర్చిలో సోలాంజ్ అతని పక్కన మోకరిల్లింది.

“నువ్వే కదా పంపింది?” పళ్లు బిగించి అడిగాడు గాస్పార్.

“వాడు జర్మన్ గూఢచారి. మన మర్యాదలు నేర్పమని వాళ్లు నా నెత్తిన పెట్టారు. పక్కనే కాపలా, కబురు పంపే దారి లేదు. అన్నీ సరిగ్గానే నేర్పాను, ఆ ఒక్క మాట తప్ప. నువ్వు పట్టుకుంటావో లేదోనని ప్రాణాలు పోయినంత పనైంది.”

గాస్పార్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“ఇంకెవరికైనా నేర్పుతున్నావా?”

“ఇద్దరికి,” అంది సోలాంజ్, కొవ్వొత్తి వెలిగిస్తూ. “వాళ్లూ మొస్యూలే.”