మేనమామ ఒడి

పొద్దున్నే వనజాక్షి పులిహోర కలుపుతుంటే అత్త వజ్రమ్మ వచ్చి వేలితో తీసి నాలుక మీద వేసుకుంది.

"ఉప్పు సాలలేదు" అంది.

వనజాక్షి ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆ వంటింట్లో పొద్దు అలాగే మొదలవుతుంది. ఇంకాస్త ఉప్పు వేసింది.

ఆరోజు మనవడు శ్రీకర్‌కి తిరుత్తణి కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించి చెవులు కుట్టించాలి. బిడ్డను మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి. పోగులు కూడా అతనే తేవాలి. శ్రీకర్ తల్లి ధాత్రి వనజాక్షికి ఒక్కతే కూతురు, తోడబుట్టిన వాళ్లు లేరు. ఆ వంశంలో ధాత్రి ఈడు మగపిల్లాడు గోకుల్ ఒక్కడే, వజ్రమ్మ మరిది మనవడు. అందుకని ఎవరింట్లో చెవులు కుట్టినా మేనమామ వాడే. ఎందరో పిల్లలు వాడి కొత్త పంచెలు తడిపారు.

"పోగులు నేనే కొని పెట్టినా. వాడొచ్చి కూసుంటే సాలు" అంది వజ్రమ్మ.

ధాత్రి అత్తగారి వాళ్లతో కలిసి వ్యానులో కొండెక్కారు. సామాన్లు మోయడానికి బుదురామ్ కూడా వచ్చాడు. ఒడిశా నుంచి వచ్చి, వీళ్ల పొలంలో మట్టి తీసే ఇటుకబట్టీలో పనిచేస్తున్నాడు.

మండపంలో మంగలి కత్తి తుడుచుకుంటూ "తాయ్ మామన్ యారు?" అని అరవంలో అడిగాడు. మేనమామ ఎవరని. అప్పుడే వనజాక్షి ఫోన్ మోగింది.

"పెద్దమ్మా, నేను పెరియపాళయంలో ఉండా" అన్నాడు గోకుల్. "ఒకే ముహూర్తానికి రెండిండ్లల్లో ఒప్పుకొనేసినా. ఒళ్లో బిడ్డుండాది, ఆచారి సూది ఎత్తినాడు. పెట్టేస్తా!"

వనజాక్షి భర్త ద్వారకనాథ్ నాలుగు దిక్కులూ చూశాడు. "ఇంగొకర్ని ఎవర్నన్నా పిలుస్తాం."

"యాడుండారు నాయినా పిలిచేదానికి?" అంది ధాత్రి. ఆమె చెన్నైలో నర్సు. "మా ఆస్పత్రి నర్సులు ముసలోళ్లను చూసుకునేదానికి జపానుకు పోతావుండారు. ఆ దేశంలో పిల్లలే పుట్టడం లేదంట. మనమూ ఆ దావనే. బుదురామన్న కూసుంటాడులే, వీడు ఆయన్ని చూస్తేనే నవ్వుతాడు."

"బట్టీవాడా! మన మట్టి తవ్వేవాని ఒళ్లోనా?" వజ్రమ్మ గొంతు మండపమంతా వినిపించింది.

తన పేరు విని బుదురామ్ వచ్చీరాని అరవంలో నవ్వుతూ అన్నాడు. "మా ఊర్లో మామలు శానామంది అమ్మా. బడి లేదు, ఆస్పత్రి లేదు, కూడు లేదు. మామలకి మాత్రం కొదవలేదు."

ధాత్రి అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వజ్రమ్మకు తగిలింది. వెంటనే కోడలి మీదికి తిరిగింది.

"అంతా దీని కడుపు చేసిన పని. ఒక్క ఆడదాన్ని కని సాలించుకుండె. ఒక్క మగబిడ్డని కనుంటే ఈ పొద్దు నాకు ఈ అవమానమా?"

వనజాక్షి బిడ్డను భుజం మీద సర్దుకుంది. "సాలించింది ఎవరత్తా?"

"ఏమ్మే, నోరు లేస్తావుండాది?"

"ధాత్రికి రెండేండ్లు. నాకు ఐదో నెల. రక్తం పరీక్ష చేపిస్తామని తిరువళ్లూరు ఆస్పత్రికి పిలుచుకొని పోయి కడుపు తీపిచ్చేస్తిరి. ఇంగో బిడ్డ పుడితే పొలం తుంచాల్సొస్తాదని."

"నా మొగుడూ మరుదులూ గట్టు కోసం కొడవండ్లెత్తింది నేను కండ్లారా చూసినా మే! అయినా అది ఆడబిడ్డే కదా."

"ఆడబిడ్డని ఎవరు చెప్పినారు? మొగబిడ్డ. ఆడుండిన నర్సమ్మ చెప్పింది."

వజ్రమ్మ కొడుకు వైపు తిరిగింది. "నీకు తెలుసునా రా?"

ద్వారకనాథ్ తల ఎత్తలేదు. ఆరోజు ఆస్పత్రి బయట టీ అంగడిలో కూర్చున్నవాడు ఈరోజూ అలాగే కూర్చున్నాడు.

"పొలాన్ని ఎవరూ తుంచలేదులే అత్తా" అంది వనజాక్షి. "ఒక్కటిగానే ఉండాది. ఒక్కటే గుంత."

మంగలి తొందరపెట్టాడు. వనజాక్షి పీట మీద తుండు పరిచి బుదురామ్‌ను కూర్చోమంది. తన చేతులతోనే బిడ్డను అతని ఒడిలో పెట్టింది. వజ్రమ్మ పక్కకు జరిగింది. జుట్టు రాలింది. ఆచారి సూది గుచ్చితే శ్రీకర్ కేరుమన్నాడు. బుదురామ్ తన భాషలో ఏదో పాడుతూ వాణ్ని ఊపాడు.

అందరూ దర్శనానికి లోపలికి వెళ్లాక వజ్రమ్మ మెట్టు మీద కూలబడింది. వనజాక్షి తోడుగా ఆగింది.

"నాకెందుకు చెప్పలే?"

"మీరు అడగలే."

ముసలామె కోడలి వైపు తిరిగింది. "ఎవరి పోలిక?"

నిజానికి వనజాక్షి ఆ బిడ్డను చూడలేదు. ఒక్కసారి చూపించమని ఏడ్చినా గుడ్డ విప్పి చూపించలేదు.

"మీ పోలికే అత్తా" అంది. "అచ్చం మీ ముక్కే."

వజ్రమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. "నా బిడ్డే... నేనే కదా మే..." అంటూ ఏడ్చింది. ఇన్నేళ్లలో అత్త ఏడుపు వినడం వనజాక్షికి అదే మొదలు. బాగా వినపడడానికి ఆమె కాస్త దగ్గరగా జరిగి కూర్చుంది.