హాలెండ్ అతిథికి ఆరో బూరె

"కంపెనీ కొనడమంటే రావులపాలెంలో అరటిగెల కొనడం అనుకున్నారాండి?" అంది సాయిప్రసన్న, ఫైలు బల్లమీద పడేస్తూ.

"గెలకైతే ఇంత బతిమాలక్కర్లేదండి. మీతోనే కష్టం," అన్నాడు మణిశంకర్.

మీటింగ్ రూములో అందరూ నవ్వారు. ఆమెకి ఒళ్ళు మండింది. మండుతూనే, నవ్వే ఆ కళ్ళవైపు ఇంకోసారి చూడాలనిపించింది. అదే అసలు తంటా.

రాజమండ్రిలో గున్నేశ్వరరావుగారి గ్రూపుది పెద్ద సంసారం. బియ్యం మిల్లులు, రొయ్యల మేత, కోల్డ్ స్టోరేజీలు, కొబ్బరి పీచు. ఇప్పుడాయన చూపు హాలెండ్ మీద పడింది. అక్కడ అద్దాల షెడ్లలో గులాబీలు పెంచేవాళ్ళు మట్టికి బదులు కొబ్బరి పొట్టు వాడతారు. ఆ పొట్టు అమ్మే కంపెనీ ఒకటి అమ్మకానికొచ్చింది. దాన్ని కొందామని, గ్రూపు తరఫున కంపెనీలు కొనే పని చూసే మణిశంకర్ పట్టు. గ్రూపు ఎటు పెరగాలో ఆలోచించి చెప్పే ఉద్యోగం సాయిప్రసన్నది. ఆమె సరేననకుండా గున్నేశ్వరరావుగారు సంతకం పెట్టరు.

కొంటే మాత్రం, దాన్ని నడపడానికి మణిశంకర్ రెండేళ్ళు అక్కడే ఉండాలి. ఆ సంగతి తెలిసిన రోజునుంచే ఆమెకు ఆ కంపెనీలో లోపాలు కనబడసాగాయి. వెతికి వెతికి నాలుగు పేజీలు రాసింది.

కంపెనీ యజమాని విల్లెమ్ స్వయంగా వచ్చాడు. భోజనం గున్నేశ్వరరావుగారింట్లోనే. మన పద్ధతులు తెలియాలని సాయిప్రసన్న అతనికి ముందే ఒక కాగితం పంపింది. అందులో మొదటి మాట, 'వడ్డించేటప్పుడు వద్దనకండి, నొచ్చుకుంటారు.'

విల్లెమ్ దాన్ని అక్షరాలా పాటించాడు. ఇక్కడేమో అతిథి రెండుమూడుసార్లు వద్దని, ఆకుమీద చెయ్యి అడ్డం పెడితేగాని వడ్డన ఆగదు. ఆ ముక్క ఆమె రాయలేదు. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకి అది కూడా ఒకరికి చెప్పాల్సిన సంగతని తోచదు.

"ఎంత ఆకలిమీదున్నాడో పాపం," అంటూ గున్నేశ్వరరావుగారి భార్య మీనాకుమారి ఆరో బూరె వేసి, చిల్లు పొడిచి, నిండా నెయ్యి పోసింది. విల్లెమ్ ముఖం కందిపోయింది. నుదుట చెమట పట్టింది. అయినా నవ్వుతూ తినేశాడు.

ఏడోది వేయబోతుంటే మణిశంకర్ ఒక్క ఉదుటున వంగి, విల్లెమ్ ఆకుమీద తన చెయ్యి అడ్డం పెట్టాడు. బూరె అతని చేతిమీద పడింది. నెయ్యి మోచేతిదాకా కారింది.

"అమ్మగారూ, మనిషి మిగిలితేనే కదండీ కంపెనీ అమ్మేది!"

ఇల్లంతా గొల్లున నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టే పద్ధతి తెలిశాక అందరికంటే గట్టిగా విల్లెమే నవ్వాడు. తర్వాత నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగాడు: "నా దగ్గర నలభైమంది పనిచేస్తున్నారు. వాళ్ళనీ ఇలాగే చూసుకుంటారా?"

సాయిప్రసన్న తల దించుకుంది. తన నాలుగు పేజీల్లో ఆ నలభైమంది ఎక్కడా లేరు.

"ఏమంటావమ్మా?" అన్నారు గున్నేశ్వరరావుగారు.

"కొనండి సార్. మంచి కంపెనీ. నేను రాసినవి అంత పెద్ద లోపాలు కావు."

చెప్పేసి, గబగబా వరండాలోకి వచ్చేసింది. బయట వాన దంచుతోంది. వెనకాలే మణిశంకర్ వచ్చాడు.

"నిన్నటిదాకా ససేమిరా అన్నారు. ఏంటండి ఇది?"

"నిన్నటిదాకా రాసింది కంపెనీ గురించి కాదండి."

"మరి?"

"మీరు వెళ్ళిపోతారని."

మణిశంకర్ చూరునీళ్ళు చొక్కా తడిపేస్తున్నా కదల్లేదు.

"నాలుగు పేజీలు రాసే బదులు ఆ ఒక్క మాట అనొచ్చు కదండీ?"

"మీరు మాత్రం అన్నారా?"

"రోజూ మీతో పోట్లాటకెందుకు వస్తున్నాననుకున్నారు? ఆ నాలుగు పేజీలకి జవాబు మెయిల్లో పంపినా సరిపోయేది!"

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

గుమ్మంలో గున్నేశ్వరరావుగారు దగ్గారు. పక్కనే మీనాకుమారి.

"అక్కడి మార్కెట్ చూడ్డానికి ఇంకో మనిషి కావాలమ్మా ప్రసన్నా. ఎవరైనా ఉంటే..."

"నేను వెళతానండి," అంది ఆయన మాట పూర్తికాకుండానే. అనేసి, సిగ్గుతో గోడవైపు తిరిగింది.

"వెళుదువుగానిలే తల్లీ," అంది మీనాకుమారి, నవ్వాపుకుంటూ. "ముందు పెళ్ళి కానివ్వండి. వీసా సంగతి తర్వాత."

మణిశంకర్ అప్పటికే నెయ్యి చేత్తోనే వాళ్ళమ్మకి ఫోను కలుపుతున్నాడు.