వెల్లకిలా పోసిన మాల్బెక్

"డెల్ఫీనా అమ్ముడుపోయింది," అన్నాడు చీఫ్ బుస్తోస్. "ఏ మాత్రం తేడా కనిపించినా కాల్చెయ్."

ఏజెంట్ ఎవారిస్తో నమ్మలేకపోయాడు. డెల్ఫీనా విదేశీ ముఠాలో దూరి వాళ్ల మనిషిలా నటిస్తున్న డబుల్ ఏజెంట్. పెళ్లి చేసుకుందామని ఆమెతో ఇవాళో రేపో చెప్పాలనుకుంటున్నాడు అతను.

"రుజువుందా సార్?"

"అనుమానముంది. మన ఉద్యోగానికి అది చాలు."

వృద్ధ వైన్ వ్యాపారి హిలారియో పీపాల్లో తుపాకులు దాచి సరిహద్దు దాటించింది ఆ ముఠా. రేపు ఆయన కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఈలోగా ఆయన్ని చంపాలని ముఠా ప్లాన్. ఇవాళ మధ్యాహ్నం ఆయన వైన్ రుచి పోటీకి జడ్జి. వెళ్లొద్దంటే వింటాడా, మొండిఘటం!

"రుచి చూసేవాళ్లు వైన్ ఉమ్మేస్తారు కదా సార్. విషం కలిపి ఏం లాభం?"

"చివర్లో అందరూ గ్లాసులెత్తి టోస్టు చెప్పాక తాగేది మింగుతారుగా!"

చీఫ్ ఒక సోడా సైఫన్, అంటే మీట నొక్కితే సోడా చిమ్మే సీసా, అతని చేతిలో పెట్టాడు. దీని మీట నొక్కితే మాత్రం విషపు సూది దూసుకుపోతుంది.

ఎవారిస్తో దొంగ మీసం అంటించుకుని, వెయిటర్ వేషంలో హాల్లోకి అడుగుపెట్టాడు.

"సోడా ఎవడికోసంరా?" హిలారియో గర్జించాడు. "ఈ మాల్బెక్ వైన్‌లో సోడా కలిపితే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి చెవి మెలేస్తుంది! ఆదివారం మీ ఇంట్లో కలుపుకో, పో!"

హాలంతా గొల్లుమంది. పరమ తెలివైన గాడ్జెట్ ఇచ్చాడు మహానుభావుడు అని చీఫ్‌ని తిట్టుకున్నాడు ఎవారిస్తో.

హిలారియో గ్లాసు తిప్పి, ముక్కు లోపలికి పెట్టి, కళ్లు మూసుకున్నాడు. "ఆల్‌బకరా పండు... వెనకాల వయొలెట్ పువ్వు. కొండమంచు నీళ్లు తాగిన తీగ ఇది!" నోట్లో పుక్కిలించి బకెట్‌లో ఉమ్మాడు.

పక్కనే క్రాంట్స్ అనే విదేశీ కొనుగోలుదారు ఒక్క గ్లాసూ వాసన చూడకుండానే తలూపుతున్నాడు. అతన్ని అంటిపెట్టుకుని, ముదురు ఎరుపు గౌనులో డెల్ఫీనా.

ఎవారిస్తో ఆమెకు ట్రే అందిస్తూ కోడ్ మాట వేశాడు. "ఈ ఏడాది వడగళ్లు పడ్డాయా మేడమ్?"

'పక్కవాడి తోటలో పడ్డాయి' అనాలి ఆమె. అనలేదు. ముఖం తిప్పుకుంది.

చీఫ్ చెప్పిందే నిజమా?

చివరి టోస్టు వచ్చింది. క్రాంట్స్ తన కోటులోంచి ప్రత్యేకంగా ఒక చిన్న సీసా తీసి డెల్ఫీనాకు ఇచ్చాడు. "పెద్దాయనకు నా కానుక. నువ్వే పొయ్యి."

ఆమె పోసింది. అరచేయి పైకి వచ్చేలా మణికట్టు తిప్పి, వెల్లకిలా పోసింది.

ద్రోహి పోత! ఈ మెండోసా వైన్ సీమలో చిన్నపిల్లలు అలా మంచినీళ్లు పోసినా చెంప పగులుతుంది. పాతకాలంలో ఉంగరం రాయి కింద దాచిన విషాన్ని అలాగే గ్లాసులోకి ఒంపేవారట. హిలారియో మాత్రం పక్కవాళ్లతో కబుర్లలో పడి చూడలేదు.

ఎవారిస్తో వేలు మీట మీద బిగిసింది.

ఆగు. నిజంగా విషం పెట్టేది ఇంత బహిరంగంగా ఎందుకు చెబుతుంది? డెల్ఫీనా ద్రాక్షతోటల్లో పుట్టిన పిల్ల. ఆ చేతికి ఈ పొరపాటు రాదు. విదేశీయుడు క్రాంట్స్‌కి ఈ ఆచారం తెలియదు. అంటే ఇది హెచ్చరిక!

హిలారియో పెదవుల దాకా వెళ్లింది గ్లాసు.

"పెద్దాయనా, తాగకండి! ద్రోహి పోత పోసింది!" అరిచాడు ఎవారిస్తో.

నిప్పు తగిలినట్టు గ్లాసు కింద పెట్టేశాడు ముసలాయన. డెల్ఫీనా కళ్లలోకి చూశాడు. ఆయనకూ అర్థమైంది. గ్లాసు తీసి క్రాంట్స్ ముందుకు చాపాడు. "మీ కానుక మీరే రుచి చూడండి సార్."

"నాకు... నాకు వైన్ పడదు."

"వైన్ కొనడానికొచ్చినోడికి వైన్ పడదట!" ఎవరో వెక్కిరించారు.

క్రాంట్స్ చేయి కోటులోంచి పిస్టల్‌తో బయటికొచ్చింది. సూది గురించి ఆలోచించే తీరిక ఎవారిస్తోకి లేదు. సైఫన్ ఎత్తి నెత్తిన ఒక్కటిచ్చాడు. క్రాంట్స్ బకెట్ మీద పడ్డాడు.

"కోడ్‌కి జవాబెందుకు చెప్పలేదు?" డెల్ఫీనాని అడిగాడు ఎవారిస్తో.

"కోటు చాటున వాడి పిస్టల్ నా నడుముకి ఆనించి ఉంది, నోరు విప్పితే కాలుస్తానన్నాడు. ఏం చెప్పమంటావ్?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ వేలు మీట మీద ఉండటం చూశాను."

"నిజమే," అన్నాడు. అబద్ధమాడటానికి సిగ్గేసింది.

సాయంత్రం చీఫ్ వచ్చి ఇద్దరి భుజాలూ తట్టాడు. "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నానుగా, డెల్ఫీనా బంగారమని! ఏమయ్యా, నాకో గ్లాసు పొయ్యి."

ఎవారిస్తో సీసా అందుకుని, ఆయన చూస్తుండగానే మణికట్టు నింపాదిగా తిప్పి పోశాడు.

డెల్ఫీనా పకపకా నవ్వింది. చీఫ్ ఆ పూట సోడాతోనే సరిపెట్టుకున్నాడు, అదీ వేరే సైఫన్‌లోంచి.