పైడి ముక్కులో దూదిపుల్ల

జమీలా తెర మీద మరో ఇల్లు తెరుచుకుంది. సముద్రం మీద కట్టిన పీఠనగరం దక్షిణపు అంచు. గదిలోకి కెరటాల హోరు వినిపిస్తోంది. గోడలోంచి సాగిన స్పర్శిక తన సన్నని లోహపు వేళ్ల మధ్య దూదిపుల్ల పట్టుకుని, ఏడాదిన్నర పాప ముక్కు కోసం వెతుకుతోంది. పాప తండ్రి మెడ పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తోంది.

“రెండో ప్రయత్నం విఫలం. శిశువు గుండెవేగం హద్దు దాటింది,” అని పరీక్షలు నడిపే యంత్రబుద్ధి జ్వరరక్ష ప్రకటించింది.

నియంత్రణశాలలో కూర్చుని ఇలాంటి ఇళ్లను గమనించడం, స్పర్శిక పొరపాటు చేస్తే ఆపడం జమీలా పని. మూడోసారీ నమూనా రాకపోతే తరలింపు బండి వస్తుంది. నీలిజ్వరం కాదని తేలేదాకా పిల్లను ఏకాంతశాలలో ఉంచుతారు. కన్నవాళ్లను గుమ్మం కూడా తొక్కనివ్వరు.

“మేడం, బండిని పంపకండి,” అన్నాడు తండ్రి. అతని పేరు కొండలరావు. “వాళ్లమ్మ మంచినీటి ఓడ మీద డ్యూటీకెళ్లింది. వచ్చి పైడి ఏదంటే నేనేటి చెప్పాలి? ఒళ్లు కాస్త వెచ్చబడింది, అంతే.”

“పాప దేనికి భయపడుతోందన్నా? పుల్లకా, చేతికా?”

“ఆ చేతికేనండి. ఉత్త పుల్లయితే లాక్కుని ఆడుకుంటాది.”

జమీలా వేలు ఆపుడు మీట మీద నిలిచిపోయింది. కిందటి విజృంభణలో కొందరు పిల్లలకు బదులు తమ నమూనాలిచ్చారు. అలాంటి ఒక్క అబద్ధంతో ఆమె చెల్లెలి వీధి వీధంతా మంచానపడింది. ఇళ్లవాళ్లు చేత్తో తీసిన నమూనాను జ్వరరక్ష నమ్మకపోవడం అప్పటినుంచే.

పాప ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పెడుతోంది. జమీలా మీట నొక్కింది. స్పర్శిక ముడుచుకుని గోడలోకి వెళ్లిపోయింది.

“అన్నా, గోడకున్న డబ్బాలో విడి పుల్లలున్నాయి. ఒకటి పాప చేతికివ్వండి. దాని వీపు మీ గుండెకు ఆనేలా ఒళ్లో కూర్చోబెట్టుకోండి.”

పైడి ఎక్కిళ్ల మధ్యే పుల్లను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి తండ్రి ముక్కులో పొడిచింది. కొండలరావు ఇల్లదిరేలా తుమ్మాడు. పాప బిత్తరపోయి చూసి, కిలకిలా నవ్వి, మళ్లీ పొడిచింది.

“ఇప్పుడు మీరు వేరే పుల్ల తీసుకోండి. తల వెనక్కి వంచొద్దు. పాప ముక్కులో దూది మునిగేంత వరకే. మెల్లగా తిప్పండి. మీ మోచెయ్యి అడ్డం రానీకండి, నాకు కనబడాలి.”

కొండలరావు పుల్లను మెల్లగా తిప్పాడు. పైడి మొహం చిట్లించింది, చీదింది, ఆ పుల్ల కూడా తనకే కావాలని చెయ్యి చాచింది. అతను దాన్ని గోడలోని గొట్టంలో వేశాడు.

“చేతి నమూనా. ఎవరిదో నిర్ధారణ లేదు. తిరస్కరించవచ్చు. నియంత్రకుల వివరణ?” అని అడిగింది జ్వరరక్ష.

జమీలా రాసింది: “పాప చేతిలోని పుల్ల తండ్రి ముక్కుకు తగిలింది. గొట్టంలో వేసింది అది కాదు. వేసింది పాప ముక్కులోంచి వచ్చిందే. నేను చూశాను. బాధ్యత నాది.”

జ్వరరక్ష తన సూత్రాలన్నీ వెతికింది. మనిషి చూపును రుజువుగా తీసుకోమనే సూత్రం దానికి లేదు. తీసుకోవద్దనే సూత్రమూ లేదు.

“స్వీకరించాం,” అంది చివరికి. కాసేపటికి ఫలితం వచ్చింది. మామూలు జలుబు.

కొండలరావు పాప జుట్టులో మొహం దాచుకున్నాడు.

మరో రెండిళ్లు ముగిసేలోగా శాలాధికారి మందాకిని గబగబా వచ్చింది. “ఏం చేశావు జమీలా? ఆ కొండలరావు పక్కిళ్లకి చెప్పాడట. ఆ వరుసంతా స్పర్శికను వద్దంటున్నారు. మేమే తీస్తాం, మీ మనిషిని చూడమనండి అంటున్నారు.”

“చూద్దామండి.”

“ఎవరైనా మోసం చేస్తే?”

“చెయ్యొచ్చండి. అందుకే కళ్లు తిప్పకుండా చూడాలి. ఆ పిల్ల ఇంట్లోనే ఉంది కదండీ ఇప్పుడు.”

మందాకిని శాల వైపు తిరిగింది. రోజూ తెరల ముందు మౌనంగా జోగే నియంత్రకులు ముందుకు వంగి, ఇళ్లవాళ్లతో గట్టిగా మాట్లాడుతున్నారు. “అలా కాదమ్మా, ఇంకాస్త పక్కకి!” అంటున్నారెవరో. ఏ మూలనో పిల్లాడి నవ్వు వినిపించింది.

ఆమె జమీలా పక్కనున్న ఖాళీ కుర్చీ లాక్కుని తెర తెరిచింది. అవతల ఒక తల్లి, చంకలో చంటాడితో, బెదురుగా నిలబడి ఉంది.

“ముందు కూర్చో అమ్మా,” అంది మందాకిని. “బాబుని ఒళ్లోకి తీసుకో. నేను చూస్తున్నాను.”