తొడిగి చూడకూడని గౌను

రెడ్ నది పొంగి, విన్నిపెగ్ నగరం చుట్టూ ఇసుక బస్తాలు పేర్చిన ఏడాది అది. నీళ్లు తీశాక ఒడెట్ పెళ్లి.

ఆ శనివారం పొద్దున బెనిగ్నో వెల్లుల్లి అన్నంలో ఎండుచేప నంజుకుని తింటున్నాడు. భార్య రెమెడియోస్ కిటికీ దగ్గర మిషను మీద కూతురి పెళ్లి గౌను కుడుతోంది. మిగతా రోజుల్లో ఫ్యాక్టరీలో చలికోట్లకు చేతులు కుట్టడం ఆవిడ పని.

ఒడెట్ వచ్చి గౌనులో చేయి దూర్చబోయింది.

"తియ్యి! పెళ్లికి ముందు పెళ్లికూతురు గౌను తొడిగితే పెళ్లి ఆగిపోతుంది."

"అవన్నీ మనం వదిలొచ్చిన మనీలాలో అమ్మా. తొడక్కుండా సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?" ఒడెట్ గౌను ఎత్తి చూసింది. "ఈ చేతుల్లో స్వెట్టర్ కూడా పడుతుంది! ఇది పెళ్లి గౌనా, చలికోటా?"

రెమెడియోస్ చూసుకుంది. నిజమే. లోపల ఇంకో రెండు బట్టలు పట్టేలా వదులుగా కత్తిరించడం అలవాటైపోయింది.

"విప్పి సరిచేస్తాలే."

"వద్దు. ఎప్పుడూ చేతులు కుట్టినదానివి, గౌను సంగతి నీకేం తెలుసు? రేపు షాపులో కొనుక్కుంటా."

మిషను ఆగింది.

"కొనుక్కో," అని రెమెడియోస్ గౌను మడిచేసింది. తర్వాత భర్త వైపు తిరిగింది. "మీరైనా ఒక మాట అనరేం? గొంతులో ముల్లు గుచ్చుకుందా?"

బెనిగ్నో లేచి కంచం కడుక్కున్నాడు.

ఆ రోజంతా తల్లీకూతుళ్లకు మాటల్లేవు. "రేపు నేను షాపుకి వెళ్తున్నానని అమ్మతో చెప్పు నాన్నా," అని కూతురు. "నేను రానని దానితో చెప్పండి," అని తల్లి. అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున రెమెడియోస్ ముందు గదిలోకి వచ్చి అలాగే నిలబడిపోయింది. బెనిగ్నో పెళ్లి గౌను తొడుక్కుని కుర్చీ ఎక్కి ఉన్నాడు. ఒడెట్‌ది అచ్చం తండ్రి పొడుగూ, తండ్రి భుజాలూ.

"ఇదేం వేషమండీ!"

"పెళ్లికూతురు తొడక్కూడదు. తండ్రి తొడగచ్చు. చేతులు సరిచెయ్యి."

రెమెడియోస్ గుండుసూదులు నోట్లో పెట్టుకుంది.

బయల్దేరబోతున్న ఒడెట్ గుమ్మంలో ఆగి పగలబడి నవ్వింది. తల్లి ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది. బ్యాగు కింద పెట్టి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నిన్న నేనన్నది..."

"నోట్లో సూదులున్నాయే, నన్ను మాట్లాడించకు. ఆ చంక దగ్గర పట్టుకో." అంటూనే ఆవిడ కళ్లు తుడుచుకుంది.

ఒడెట్ పట్టుకుంది. ఆ పిల్ల కళ్లూ తడిగానే ఉన్నాయి.

బెనిగ్నో రెండు చేతులూ చాచి, వాళ్లిద్దరూ చాలన్నంతవరకూ కదలకుండా నిలబడ్డాడు.